ఉడత అనే మాట

ఇంటర్నెట్ కంపెనీ కంట్రోల్ రూములో ఆ రాత్రి ఆపరేటరు ఒక్కడే ఉన్నాడు. ప్రభుత్వం నిషేధించిన మాటలను జనం మెసేజిల్లోంచి తీసేయడం అతని పని. ఎందుకని అడిగితే చట్టప్రకారం నేరం. ఆ రాత్రి వచ్చిన మాట "ఉడత". ఇంట్లో కూతుర్ని అతను పిలిచే ముద్దుపేరు అదే. నవ్వుకుని మీట నొక్కాడు. తర్వాత భార్యకు ఫోన్ చేశాడు.

"ఏమే, పిల్ల పడుకుందా?"

"ఎక్కడండీ! మీ... మంచమెక్కి గెంతుతోంది."

పేరు వినపడాల్సిన చోట ఏమీ వినపడలేదు. అంతసేపూ ఆమె వెనక తిరుగుతున్న ఫ్యాను చప్పుడు కూడా ఆ క్షణంలో లేదు.

"మళ్లీ చెప్పు."

"చెవుడొచ్చిందా ఏంటి? మీ... అంటున్నా."

అతను పెట్టిన అడ్డు మెసేజిల్లో రాసే మాటకే. గొంతును ఆపే యంత్రం ఆ కంపెనీలో లేదు. గబగబా నిషేధం ఎత్తేయబోయాడు. పైనుంచి ఉత్తర్వు లేనిదే కుదరదని తెరమీద వచ్చింది. సిబ్బంది జాలిపడి మాటలు వదిలేస్తున్నారని ఆ నిబంధన పెట్టించింది తనే.

"దానికి ఫోనివ్వు," అన్నాడు.

మంచం కిర్రుకిర్రుమంటోంది. ఉన్నట్టుండి ఆ చప్పుడు ఆగిపోయింది.

"ఎవరికండీ?" అంది భార్య.