రాజుగారి కారుకి వేడి చేసింది

బంగారరాజు గారంత తెలివితక్కువ మనిషి గోదావరికి ఇవతల గానీ అవతల గానీ లేడని సూరిబాబు తేల్చేశాడు. అసలాయన బుర్ర తీసి తక్కెట్లో వేస్తే ముల్లు కదలదు.

లేకపోతే, స్టీరింగు పట్టుకోవడం కూడా రాని తనని డ్రైవరుగా పెట్టుకుంటాడా?

కారు గురించి సూరిబాబుకి తెలిసింది ఒక్కటే. రాజోలు బస్టాండులో గోలీసోడాలు అమ్మే రోజుల్లో, బస్సు ఆగగానే క్లీనరు దాని మూతి దగ్గర మూత తిప్పి నీళ్లు పోయడం చూసేవాడు. మోటారు విద్య మొత్తం అంతేననుకున్నాడు. సోడాలమ్మేవాడి కాపురానికి పిల్లని పంపనని అత్తగారు పోలమ్మ మొండికేస్తే, "డ్రైవరునైపోయేను" అని ఐనవిల్లిలో ఉన్న ఆవిడకి కబురెట్టి, మర్నాడే వెళ్లి రాజుగారి గుమ్మంలో నిలబడ్డాడు.

"డ్రైవింగు వచ్చా?" అడిగారు రాజుగారు.

"ఆయ్. నిద్దట్లో కూడా నడిపేస్తానండి."

"నిద్దట్లో అక్కర్లేదు గానీ, బానెట్టెత్తి నీళ్లు పొయ్యి, చూద్దాం."

షెడ్డులో గోడ వైపు ముఖం పెట్టి ఉంది పాత నల్ల అంబాసిడరు. సూరిబాబు బానెట్టెత్తాడు. అదృష్టం, మూత ముందే కనిపించింది. రెండు బిందెలు పోశాడు. పోసినవి పోసినట్టే కింద నుంచి కారిపోయి, షెడ్డు పక్కనున్న అరటిచెట్టు దారి పట్టాయి.

"ఇంజనెలా ఉంది?"

"కొత్త పెళ్లికూతుర్లా ఉందండి. ముట్టుకుంటే మాసిపోద్ది."

రాజుగారు అతన్ని కాసేపు తేరిపార చూశారు. "రేపణ్ణించీ వచ్చెయ్. టోపీ కుట్టిస్తాను" అన్నారు. "ఒక్కటే మాట. పదిమందిలో మాత్రం బానెట్టెత్తకు. దిష్టి తగులుద్ది."

దిష్టట! కారుకి! సూరిబాబు నవ్వు బిగబట్టలేక పక్కకి తిరిగి దగ్గాడు. అంతకుముందొచ్చిన డ్రైవర్లిద్దరూ అరపూటైనా నిలవలేదట. ఇలాంటి మెతక మనిషి దగ్గర నిలవలేనివాళ్లు ఇంకెక్కడ నిలుస్తారని వాళ్ల మీదా జాలిపడ్డాడు.

టోపీ చూసి పోలమ్మ కూతుర్ని పంపింది. "ఆ టోపీ ఊడిన్నాడు నా పిల్ల నా ఇంటికొచ్చేస్తాది" అని మాత్రం చెప్పి వెళ్లింది.

ఇక రోజూ అదే తంతు. బళ్లోకి పిల్లలూ, పొలాల్లోకి జనమూ వెళ్లే వేళకి రాజుగారు అరుగు మీద నిలబడి, సముద్రం మీద పడవలవాళ్లకి కూడా వినిపించేలా కేకేసేవారు.

"సూరిబాబూ! అమలాపురం వెళ్లాలి, కారు తియ్యి!"

"రేడియేటరు లీకండీ!"

"అయ్యో! అయితే రేపెళ్దాంలే."

చెప్పి, రిక్షా ఎక్కి వెళ్లిపోయేవారు. ఇలా నాలుగు నెలలు. రేడియేటరులో నీళ్లు నిలిచేవి కావు. రాజుగారి బుర్రలో అనుమానమూ నిలిచేది కాదు. బాగుపడింది అరటిచెట్టొక్కటే. అది వేసిన గెల బరువుకి షెడ్డు గోడ కొత్తపేట వైపు ఒరిగింది.

మే నెలలో ఓ మధ్యాహ్నం పక్కింటి రామ్మూర్తి గారు నేరుగా షెడ్డులోకే వచ్చేశారు. వెనకాలే రాజుగారు.

"మా వియ్యంకుడు రేపు రాజోల్లో బస్సు దిగుతున్నాడండి. నడిపించుకొస్తే పరువు పోద్ది. కారు పంపించాలి మరి."

"దానికేం భాగ్యమండీ! తీసుకెళ్లండి" అన్నారు రాజుగారు.

సూరిబాబుకి టోపీ ఊడిపోతున్నట్టూ, పెళ్లాం పెట్టె సర్దుకుంటున్నట్టూ కళ్ల ముందు కనబడింది.

"ఓసారి స్టార్టు చెయ్యమనండి. చప్పుడు వింటాను" అన్నారు రామ్మూర్తి గారు.

సూరిబాబు మూసి ఉన్న బానెట్టు మీద చెయ్యి వేశాడు. రేకుల షెడ్డేమో, చుర్రుమంది. అక్కడే దారి దొరికింది.

"అమ్మో! ఇంజనుకి వేడి చేసిందండీ!"

"కదలని కారుకి వేడేంట్రా?"

"ఒక్కచోటే కూర్చుంటే మనుషులకి చెయ్యదాండీ? ఇదీ అంతేనండి. బొండాం నీళ్లు పట్టించి పదిహేన్రోజులు చలవ చెయ్యాలండి. ఈలోగా తీస్తే పేలిపోద్దండి."

పలికాక తనకే సిగ్గేసింది. ఈ మాట నమ్మాలంటే మనిషై పుట్టి ఉండకూడదు.

రామ్మూర్తి గారు రాజుగారి వైపు తిరిగారు. రాజుగారు గంభీరంగా తలాడించారు.

"నాకూ పొద్దున్నించీ అదే అనుమానమండి. వాడు చెప్పింది నిజం. మీరు ఎడ్లబండి చూసుకోండి."

ఆయన అటు వెళ్లగానే రాజుగారు చెట్టెక్కించి డజను బొండాలు దింపించారు. ఆరు రేడియేటరులో పోశాడు సూరిబాబు. ఆరు తాను తాగాడు. ఇంత వెర్రిబాగులవాణ్ణి మోసం చెయ్యడం కూడా ఓ పనేనా అని విసుగొచ్చిందతనికి. ఆఖరి బొండాంతో పెరటి కిటికీ కింద చతికిలబడ్డాడు.

లోపల రాజుగారి భార్య సువర్ణ గారి గొంతు వినిపించింది.

"ఏవండీ, ఆ సూరిబాబుకి డ్రైవింగు ముక్క రాదండీ. ఊళ్లో కోడిపిల్లలకి కూడా తెలిసిపోయింది. మీకింకా తెలీలేదా?"

సూరిబాబు రెండు చేతులతో టోపీ గట్టిగా పట్టుకున్నాడు.

"తెలిసే పెట్టుకున్నానే" అన్నారు రాజుగారు తాపీగా, "డ్రైవింగు వచ్చినవాడైతే, ముందొచ్చిన ఇద్దరిలాగే, బానెట్టెత్తగానే 'ఇందులో ఇంజనేదండీ?' అని అడిగేసేవాడు."