బోణీ తాళం

మా వీధి కుర్రాడు వేణు చేత్తో బోణీ అయితే ఆ రోజంతా గిరాకీ బాగుంటుందని నా నమ్మకం. స్టేషన్ ఘన్‌పూర్‌లో నా ఇనుప సామాన్ల దుకాణానికి ఆ పొద్దున కూడా వాడే ముందొచ్చాడు.

"కొత్తగ దుకాణం పెడుతున్ననే అన్నా. గట్టి తాళం ఇయ్యి."

సంబరపడి, ఉన్నవాటిలో మంచిది తీసిచ్చాను. "గిది ఏస్తే నేను గూడ తియ్యలేనురా."

కురవి జాతరకు పోయి వచ్చేసరికి నా సామాన్లన్నీ అరుగు మీదున్నాయి. షట్టర్‌కు అదే తాళం వేలాడుతోంది.

"ఓనర్ ఇగ గీ దుకాణం నాకు కిరాయికిచ్చిండు, నేనేం జెయ్యాలె అన్నా?" అన్నాడు వేణు.

ఇప్పుడు తోపుడుబండి మీద అమ్ముతున్నాను. నిన్న పొద్దున బోణీకి ఒకాయన గట్టి తాళం అడిగాడు.

"ఇస్త గని," అన్నాను, "ఎవరి షట్టర్‌కో ముందుగాల జర చెప్పన్నా."