అవ్వ మోకాళ్లు

గీయడం పూర్తవగానే యానిమేషన్ బొమ్మలు నోరు విప్పి మాట్లాడటం అప్పటికి మామూలైపోయింది. ఐదు నిమిషాల సినిమా కోసం ఒక అవ్వను గీసిన వకుళ, పొద్దుటి నుంచీ ఆమె కళ్లలోకి చూడలేక గదిలో అటూ ఇటూ తిరుగుతోంది. బొమ్మ పంపమని దర్శకుడు రెండుసార్లు ఫోన్ చేశాడు.

"కథలో నాకేమవుద్దో చెప్పవేంటే?" తెర మీంచి అవ్వ మళ్లీ అడిగింది.

వకుళ ఇక దాచలేకపోయింది. "మూడో నిమిషంలో చనిపోతావవ్వా. కథ నాది కాదు, మార్చలేను."

అవ్వ వంగి తన కాళ్లకేసి చూసుకుంది.

"అందాకా నడవాలిగా! మోకాళ్లు సలుపుతున్నాయే, కాస్త సరిగ్గా గియ్యి."

వకుళ ఆ వంకర మోకాళ్లు చెరిపి, మళ్లీ గీసింది. అవ్వ తెర చివరిదాకా చకచకా నడిచి, వెనక్కి తిరిగింది.

"ఇంక పంపించెయ్."