సంచిలో ఇరవై మూడు కవర్లు

గేటు దగ్గరి కెమెరా ఆకాశం వైపు చూస్తోంది. నిన్నటి దాకా అది సరిగ్గా ఓట్ల డబ్బా వైపే చూసేది. ఎవరో కావాలనే తిప్పేశారు.

శోభారాణి నీళ్ల ట్యాంకర్ వెనక ఇంకాస్త ఒదిగి నిలబడి, ఫోన్‌లో వీడియో నొక్కింది.

ఆ రోజు బహదూర్‌పల్లిలోని వెన్నెల ఎన్‌క్లేవ్‌కు సెక్రటరీ ఎన్నిక. పోటీలో ఇద్దరే. ఆరేళ్లుగా ఆ కుర్చీలో ఉన్న సాయినాథ్ ఒకరు, కొత్తగా వచ్చిన శోభారాణి రెండోవారు. ఆ కాలనీలో మీటింగులో పేరు చెప్పి చప్పట్లు కొడితే చాలు, పోటీలో ఉన్నట్టే. ఆమె పేరు ఎవరో అన్నారు, ఆమె నోరు తెరిచేలోపే చప్పట్లు మోగాయి.

సాయినాథ్ సంగతి వేరు. లిఫ్టు ఆగినా, కుక్క మొరిగినా, ట్యాంకర్ రాకపోయినా ఫోన్ ఆయనకే. స్నానం మధ్యలో కూడా ఎత్తుతాడు. "కుర్చీ మీద మోజు లేకుంటే గట్లెవడు ఎత్తుతడు?" అని వెనకాల చెప్పుకునేవారు.

ఇళ్లు అద్దెకిచ్చి కౌకూర్‌లో, మేడ్చల్‌లో, దేవరయాంజాల్‌లో ఉంటున్న యజమానులు కొందరున్నారు. రాలేనివాళ్లు ఓటును కవర్లో పెట్టి అతికించి, పైన సంతకం చేసి పోలింగుకు ముందే ఇంకొకరి చేత గేటు దగ్గరి డబ్బాలో వేయించవచ్చు. కాకపోతే ఒక మనిషి రెండు కవర్లకు మించి తేకూడదు. మించితే తెచ్చినవన్నీ చెల్లవు. ఈ రూలు రాసింది కూడా సాయినాథే.

అలాంటి మనిషి నాలుగు రోజులుగా స్కూటర్ మీద ఊళ్లన్నీ తిరిగి కవర్లు పోగేస్తున్నాడని శోభారాణికి ఫోనొచ్చింది. కాలనీలో ఉన్న ఓట్లు చెరిసగం. బయటి ఓట్లు ఎటు పడితే కుర్చీ అటే. ఆ కవర్లు డబ్బాలో పడితే తన గతి ఏమిటో ఆమెకు బాగా తెలుసు.

ఆరింటికి సాయినాథ్ వచ్చాడు. చేతిలో కూరగాయల సంచి. అటూ ఇటూ చూసి, మొదటి కవరు తీసి డబ్బా సందులో పెట్టబోయాడు.

"ఏందన్నా, పొద్దుపొద్దుగాల్నే కూరగాయలు డబ్బాల ఏస్తున్నవా?"

ట్యాంకర్ వెనకనుంచి వచ్చిన శోభారాణిని చూడగానే సాయినాథ్ చేతిలోంచి సంచి జారింది. కవర్లు నేలంతా పరుచుకున్నాయి.

ఎన్నికల అధికారి లింగం సారు రిటైరైన హెడ్మాస్టరు. నీళ్ల ట్యాంకు మీది నోటీసు కూడా చివరి పదం దాకా చదివే మనిషి. వాకింగ్ ఆపి వచ్చి, వీడియో చూసి, కవర్లు ఏరి లెక్కపెట్టాడు. ఇరవై మూడు.

"రూలు ప్రకారం ఇవేవీ చెల్లవు," అన్నాడు.

"శోభక్కా, జర ఇడిసిపెట్టు. ఒక్కపారికి." సాయినాథ్ చేతులు జోడించాడు.

"రూలు రూలే అన్నా. నువ్వు రాసిందే గద."

"మరి గింత తప్పు జేసినోన్ని పోటీల్కెల్లి గూడ తీసెయ్యాలె గద సారూ?" అని సాయినాథే అడిగాడు.

పాపం సిగ్గుతో చచ్చిపోతున్నాడు, అనుకున్నారు చుట్టూ చేరినవాళ్లు. లింగం సారు రూళ్ల కాగితం రెండుసార్లు తిరగేశాడు.

"రూల్ల గట్ల లేదు. ఓట్లు చెల్లవు, మనిషి చెల్లుతడు."

పదింటికి పోలింగ్ మొదలైంది. శోభారాణి ఆ వీడియోను లింగం సారుకు తప్ప ఎవరికీ చూపించలేదు. ఎంత పెద్దమనసో అని అందరూ మెచ్చుకున్నారు. ఆమె గెలుపు ఖాయమనే అనుకున్నారు. క్యూలో నిలబడ్డ ఇందిరమ్మ మాత్రం తేల్చి చెప్పేసింది.

"దొంగతనంగ తెస్తే తెచ్చిండు గని, ఎండకాలం ట్యాంకర్ రావాల్నంటే గాయినే ఉండాలె."

మధ్యాహ్నానికి లెక్క తేలింది. సాయినాథ్‌కు నలభై నాలుగు, శోభారాణికి నలభై ఒకటి.

దండ వేస్తుంటే సాయినాథ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆనందం పట్టలేకపోతున్నాడని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. అంతలోనే ఆయన ఫోన్ మోగింది. బి బ్లాకులో లిఫ్టు ఆగిందట.

మెట్ల దగ్గర శోభారాణి ఒక్కతే కనిపించింది. గెలిచినవాడి లడ్డూ ఓడినామె తీరిగ్గా తింటోంది.

"ఎంత పని జేసినవక్కా!" సాయినాథ్ మెడలోంచి దండ తీసి చేతికి చుట్టుకుంటూ మొత్తుకున్నాడు. "ఆరేండ్ల సంది గీ ఫోన్ మోగని పూట లేదు. నేనొద్దంటే ఎవ్వరింటలేరు. ఈసారన్న బయటపడ్దామని ఇల్లిల్లు తిరిగి దండం బెట్టిన. ఆ ఇరవై మూడు ఓట్లు నాయి గావు. అన్నీ నీకేసినయే!"

శోభారాణి లడ్డూ ముక్క మింగి, నింపాదిగా మూతి తుడుచుకుంది.

"తెలుసన్నా. నువ్వు దండం బెట్టినోళ్లల్ల మా కౌకూర్ చిన్నమ్మ గూడ ఉన్నది. లేకుంటే నేనెందుకు ఐదింటికే లేసి ట్యాంకర్ ఎనక నిలవడ్త?"