చివరి రాయి

ఆసుపత్రి నుంచి వచ్చిన ఫోను పెట్టేయగానే ఆర్విల్ వంటింట్లో గంతేశాడు. "ఒసే వెర్నా! నీ మెదడులోంచి తీసిన ముక్కలో ఏమీ లేదట!"

"నా మెదడులో ఏమీ లేదని పెళ్ళయినప్పట్నుంచీ నువ్వంటున్నదేగా," అంది అతని భార్య, తలకు కట్టిన బ్యాండేజీ పక్కన గోక్కుంటూ.

ఆర్విల్ పడీపడీ నవ్వాడు. డాక్టరు మొదట్లోనే చెప్పాడు, ఇది మెదడు వాపైనా కావాలి, వాపు వేషం వేసిన క్యాన్సర్ గడ్డయినా కావాలి అని. గడ్డ దొరకలేదంటే ఇక వాపే. ఆ సంబరంలో అతను కాఫీ తెచ్చి కర్లింగ్ కప్పులో పోశాడు. మంచు మీద రాళ్ళు జార్చే ఆ ఆటలో, ముక్క తీసే ఆపరేషన్‌కు ముందు శనివారం, వెర్నా ఆఖరి రాయితో ఊరికి గెలిచిపెట్టిన కప్పది. కెనడాలోని ఈ సస్కాచెవాన్‌లో చలికాలం అంతకు మించిన పరువు లేదు.

"తాగవే, చాంపియన్!"

వెర్నా తాగలేదు. "ఆపరేషన్‌కు ముందు డాక్టరు ఆ స్టెరాయిడ్ మాత్రలు ఎందుకు మానమన్నాడో గుర్తుందా?"

"ఎందుకు లేదు? గడ్డయితే వాటి దెబ్బకు కొన్నాళ్ళు కరిగిపోయి దాక్కుంటుందన్నాడు. ముక్క తీసినా దొరకదన్నాడు. నువ్వు మానేశావుగా!"

"మానేసిన వారం చెంచా కూడా పట్టుకోలేకపోయాను కదయ్యా."

"అవును, సూపంతా నా ఒళ్ళోనే పోశావు," అని మళ్ళీ నవ్వాడు ఆర్విల్.

వెర్నా కప్పును మెల్లగా అతని వైపు నెట్టింది.

"మరి ఆ శనివారం ఆఖరి రాయి చెయ్యి వణక్కుండా ఎలా వేశాననుకున్నావు, మొద్దూ?"