తువ్వాలు కింద చెయ్యి

పశువులు కొని అమ్మే బేరగాడు పెదబాబు ముప్పై ఏళ్లు తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని, ధర వేళ్లతోనే చెప్పుకుని బేరాలు కుదుర్చుకున్నాడు. అమ్మేవాళ్ల చెయ్యి వణికిందంటే అది ఆపదలో అమ్మకమని తెలిసిపోయేది. ఇంక బేరమాడకుండా అడిగిన ధర ఇచ్చేసేవాడు.

ఇప్పుడా పని ఫోనులో యాప్ చేస్తంది. కొనేవాళ్ల తరఫున ఒకటి, అమ్మేవాళ్ల తరఫున ఒకటి, వాటిలో అవే మాట్లాడుకుని ధర తేల్చేస్తాయి.

ఆవేళ కె.కోటపాడులో ఒక గేదె అమ్మకానికొచ్చింది. పొద్దున్న అడిగింది యాభై వేలు. "అమ్మేవారు తొందరలో ఉన్నారు. ఆగితే తగ్గుతారు" అని యాప్ చెప్పింది. పెదబాబు చోడవరంలో టీ తాగుతూ ఆగేడు. మధ్యాహ్నం మూడింటికి ముప్పై రెండు వేలకి బేరం తెగింది.

సాయంత్రం వేన్ కట్టించుకుని వెళ్లేడు. తాడు అందిస్తుంటే గేదెనమ్మిన అప్పలనరసమ్మ వేళ్లు అతని చేతికి తగిలేయి. వణుకుతున్నాయి.

"ఏటమ్మా, ఇంత కష్టంలో ఉన్నావని ఒక్క మాట సెప్పొద్దా? ఆసుపత్రి కర్సా?"

"మజ్జాన్నం దాకా మా ఆయన ఆసుపత్రికే బాబూ," అందామె. "ఇప్పుడు కట్టెలకి."