గేటు తీగ

కొత్త బండి వచ్చి నెలయినా తిరగలేదు. గేరు పడి చావదంటూ మా ఆయన వెర్లిన్ రోజూ తిట్లు లంకించుకుంటాడు. ఇద్దరం పక్కపక్కన కూర్చుని దూడలకు మేత తీసుకెళ్లే బండి అది.

"వెనక్కి తీసుకెళ్లి అమ్మినవాడి మొహాన కొడతా!" అంటూ ఈ ఉదయమూ లివరుతో కుస్తీ పట్టాడు.

"దిగు, నేను చూస్తా."

బ్రేకు తొక్కి రెండు వేళ్లతో లాగాను. చప్పుడు లేకుండా పడింది.

"నీకెలా పడిందే, ఒలీటా?"

"నేను దాన్ని తిట్టలేదుగా!"

మా వయోమింగ్ పశువుల పొలాల్లో డ్రైవరు దిగడు, పక్క సీటులో ఉన్నవాళ్లే గేటు తియ్యాలి. కాపురం చేసిన నలభై ఏళ్లూ అది నా పనే. ఇవాళ బండి నేను నడిపాను కాబట్టి, గేటు దగ్గర అతను దిగాడు.

గేటు తెరుచుకోకుండా గుంజకు తగిలించిన తీగను చేత్తో లాగాడు, భుజంతో నెట్టాడు. రాలేదు. వణుకుతున్న కుడిచేతిని జేబులో దోపుకుని తిరిగి వచ్చాడు.

"ఈ తీగ కూడా బిగుసుకుపోయిందే," అన్నాడు, నా మొహం చూడకుండా.

నిన్న సాయంత్రం నేను ఒంటిచేత్తో తీసిన తీగ అది.

"నేనే బిగించాను, నువ్వెక్కి కూర్చో," అని కిందికి దిగాను.